ఈటెతో పొడిచారా, ఈటె విసిరారా?

సందేహం: ఒక తెలుగు అనువాదంలో క్రీ.పూ. 390లో గ్రీసులోని కోరింత్ దగ్గర జరిగిన లెకాయన్ యుద్ధం గురించి చదివాను. బరువు డాళ్ల స్పార్టన్ల చేతిలోనూ ఈటెలే, వాళ్లను ఓడించిన తేలికపాటి దళాల చేతిలోనూ ఈటెలే. తర్వాతి పేజీలో అవే బల్లేలయ్యాయి. రెండూ ఒకటేనా? రాళ్లు విసిరేవాళ్లను ‘ఉండేలు దళం’ అనవచ్చా?

సమాధానం: ఈటె, బల్లెం మాటలకు నిఘంటువులు ఇంచుమించు ఒకే అర్థం చెబుతాయి. వాడుకలోనూ గట్టి గీత లేదు. నీరజ్ చోప్రా విసిరేది జావెలిన్, పత్రికలకు మాత్రం ఆయన ‘బల్లెం వీరుడు’. మామూలు కథలో ఏది రాసినా నష్టం లేదు గానీ, ఈ యుద్ధానికి ఆ తేడానే ప్రాణం.

స్పార్టన్లు సుమారు 600 మంది. వాళ్లది మనిషి కంటే పొడవైన, పొడిచే ఆయుధం. శత్రువు దగ్గరికొస్తేనే దానికి పని. ఏథెన్స్ తరఫున ఇఫిక్రటీస్ నడిపిన పెల్టాస్టులవి, అంటే ఆ తేలికపాటి దళానివి, విసిరేవి. అలాంటి ఆయుధానికి తోలు పట్టీ చుట్టి, కొసన ఉన్న ఉచ్చులో వేళ్లు దూర్చి విసిరేవారు. పట్టీ విడిపోతూ కర్రను గిరగిరా తిప్పడంతో అది దూరం పోయేది, గురి కూడా కుదిరేది. స్పార్టన్లు మీదికి ఉరికితే వీళ్లు పరుగు లంకించుకున్నారు. వాళ్లు అలిసి, చెదిరి వెనుదిరగగానే మళ్లీ వచ్చి విసిరారు. స్పార్టన్లకు సాయం వచ్చిన గుర్రపు దళమైనా తరిమి కొట్టిందా అంటే, అదీ కాల్బలంతో సమానంగా నడిచి ఊరుకుంది! స్పార్టన్లలో దాదాపు 250 మంది పోయారు. ఇద్దరి చేతికీ ‘ఈటె’ ఇస్తే, మరి స్పార్టన్లు తిరిగి ఎందుకు విసరలేదని పాఠకుడు అడగడా?

నన్నడిగితే విసిరేది ఈటె, పొడిచేది బల్లెం. జాతీయాల్లో ఆ మొగ్గు ఉంది. ఈటెల్లాంటి మాటలు ఎక్కడి నుంచో వచ్చి గుచ్చుకుంటాయి, పక్కలో బల్లెం పక్కనే ఉంటుంది. తోమరం, కుంతం అంటూ సంస్కృతం తెస్తే అనువాదానికి మళ్లీ అనువాదం కావాలి.

‘ఉండేలు’ మాత్రం వద్దు. ఇప్పుడా మాట వినగానే పంగల కర్ర, రబ్బరే గుర్తొస్తాయి. మంచె మీద నిలబడి పిట్టలను తోలే వడిసెల ఉండగా టెన్షన్ ఎందుకు? క్రీ.పూ. 401లో గ్రీకు సేనాని, రచయిత జెనొఫన్ వెంట ఉన్న రోడ్స్ దీవివాళ్లు అలాంటిదాంతోనే సీసపు గుండ్లు విసిరి, గుప్పిటికి సరిపడే రాళ్లు వాడే పర్షియన్ల కంటే రెట్టింపు దూరం కొట్టారు. అది వడిసెల దళమే.