విరిగిన ఎముక అతకట్లేదు.. అయస్కాంత స్కాఫోల్డ్ పెట్టించుకోవచ్చా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ఎనిమిది నెలల క్రితం మోకాలి కింద ఎముక విరిగితే రాడ్ వేశారు. ఇంకా అతకలేదు. తుంటి నుంచి ఎముక తీసి పెట్టాల్సి రావచ్చని డాక్టర్ అంటున్నారు. అయస్కాంత స్కాఫోల్డ్‌తో కొత్త ఎముక పెరుగుతుందని చదివాను. నాకు పనికొస్తుందా? అయస్కాంతం పట్టీ కట్టుకుంటే ఉపయోగమా?

జవాబు: మళ్లీ ఆపరేషన్ అంటే టెన్షన్ పడటం సహజమే. మీరు చదివిన స్కాఫోల్డ్ చాలావరకు ల్యాబ్‌లో, జంతువుల మీద పరీక్షల దశలోనే ఉంది. మామూలు చికిత్సగా ఇంకా రాలేదు. దాని కోసం దయచేసి ఆగొద్దు.

స్కాఫోల్డ్ అంటే ఎముక కణాలు పాకడానికి వేసే పందిరి లాంటిది. హైడ్రాక్సీఅపటైట్ అనే ఎముక ఖనిజంతోనో, కొలాజెన్ అనే ప్రొటీన్‌తోనో సన్నని రంధ్రాలుండేలా తయారుచేస్తారు. అందులో నానో సైజు ఐరన్ ఆక్సైడ్ రేణువులు కలిపితే అయస్కాంత గుణం వస్తుంది. రేణువులు అంత చిన్నవి కాబట్టి బయట అయస్కాంతం పెట్టినప్పుడే స్పందిస్తాయి, తీసేస్తే ఆ గుణం పోతుంది. ఆ అయస్కాంత క్షేత్రంలో ఎముకను కట్టే ఆస్టియోబ్లాస్ట్ కణాలు చురుగ్గా పనిచేస్తున్నట్టు ప్రయోగాల్లో కనిపించింది. రక్తనాళాలు పెరగడానికి తోడ్పడే మందును కూడా అయస్కాంత రేణువులకు అంటించి సరిగ్గా అక్కడికే రప్పించాలన్న ఆలోచన నాకెంతో ఆశాజనకంగా అనిపిస్తుంది. అయితే ఇనుము ఎక్కువైతే కణాలకే హాని. లోపల ఏళ్ల తరబడి ఉంటే ఏమవుతుందో తేలాలి. పైగా ఆ భాగంలో ఎంఆర్ఐ బొమ్మ చెడిపోతుంది.

మీ విషయంలో ముందు తేలాల్సింది ఎముక ఎందుకు అతకలేదన్నది. లోపల ఇన్ఫెక్షన్ ఉందా, రాడ్ వదులైందా, విరిగిన ముక్కల మధ్య ఖాళీ ఉందా? ఎక్స్‌రే, అవసరమైతే సీటీ, ఇన్ఫెక్షన్, వాపు జాడ తెలిపే సీఆర్‌పీ రక్తపరీక్ష, షుగర్, విటమిన్ డి చూపించుకోండి. పొగతాగే అలవాటుంటే ఈరోజే మానేయండి. ఎముక అతకకుండా చేసే కారణాల్లో అది ముఖ్యమైనది. సాధారణంగా 9 నెలలు దాటి, చివరి 3 నెలల్లో మార్పేమీ లేకపోతే నాన్‌యూనియన్ అంటారు. మీరు దానికి దగ్గరలో ఉన్నారు.

తుంటి ఎముకకు భయపడకండి. అందులో మీ సొంత జీవకణాలు, పెరుగుదలకు కావాల్సిన ప్రొటీన్లు ఉంటాయి. అందుకే నేటికీ మిగతా గ్రాఫ్ట్‌లను, అంటే ఎముక అతకడానికి పెట్టే ఇతర పదార్థాలను, దానితోనే పోల్చి చూస్తారు. తీసినచోట కొన్ని వారాలు నొప్పి ఉండొచ్చు, కొందరికి ఇంకా ఎక్కువకాలం ఉంటుంది.

మార్కెట్లో దొరికే అయస్కాంతం పట్టీలు ఎముకను అతికించవు. విద్యుదయస్కాంత తరంగాలిచ్చే వైద్య పరికరం వేరే సంగతి. అమెరికాలో దాన్ని 1979లోనే అతకని ఎముకలకు అనుమతించారు, కానీ ఫలితాలు అందరిలో ఒకేలా లేవు. మీకు తగినదో కాదో మీ సర్జన్‌నే అడగండి. ఈలోగా కాలు ఎర్రబడినా, చీము కారినా, జ్వరం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.