మనుషుల మీదకు దూకే కుక్కను మాన్పించడం ఎలా?

మీ కుక్కకు ఏడాది వయసు, ఇంటికి ఎవరొచ్చినా మీదకు దూకుతోంది, అరిచినా మానడం లేదు అంటున్నారు. అరవడం వల్లే అది మానడం లేదండీ. దానికి కావలసింది మీ ధ్యాస. కసిరినా, చేతులతో నెట్టినా ఆటే అనుకుంటుంది.

దూకగానే ఏమీ మాట్లాడకుండా, దాని కళ్లలోకి చూడకుండా పక్కకు తిరిగి నిలబడండి. నాలుగు కాళ్లూ నేలకు ఆనిన ఆ క్షణంలోనే వంగి ఛాతీ మీద నిమరండి, తినడానికి చిన్న ముక్క పెట్టండి. కాస్త ఆలస్యమైనా దేనికి మెచ్చుకున్నారో దానికి అర్థం కాదు. మొదట్లో ఇంకా ఎక్కువ దూకుతుంది. ఇన్నాళ్లూ పనిచేసిన పద్ధతి ఇప్పుడెందుకు పనిచేయట్లేదని గట్టిగా ప్రయత్నిస్తుందన్నమాట. అప్పుడు టెన్షన్ పడి వదిలేయకండి.

చాలా ఇళ్లలో ఇది చెడేది మనుషుల వల్లే. ఒకరు పక్కకు తిరిగితే ఇంకొకరు ముద్దు చేస్తారు. పిల్లలతో సహా అందరూ ఒకే పద్ధతి పాటించాలి. ఎవరైనా వస్తున్నారని తెలిస్తే ముందే బెల్టుకు తాడు తగిలించి పట్టుకోండి.

ఈ వయసు కుక్కలు అంతకుముందు నేర్చుకున్నవి కూడా మరిచిపోయినట్టు చేస్తాయి, అది మామూలే. రోజూ నడకకు తీసుకెళ్లినప్పుడు తొందరపెట్టకుండా వాసనలు చూడనివ్వండి. పరుగు కన్నా దానివల్లే ఎక్కువ కుదుటపడుతుందని నా నమ్మకం.