హోటల్ చెయిన్‌ని వేరేవాళ్లు కొంటే మన పాయింట్లు, గోల్డ్ ఏమవుతాయి?

మీరు అడిగింది రెండు విషయాలు. మీ చెయిన్‌ని ఇంకో పెద్ద చెయిన్ కొంటోందట, పాయింట్లు ఇప్పుడే వాడేయాలా? మీ గోల్డ్ స్టేటస్ (తరచూ వచ్చేవాళ్లకి హోటళ్లు ఇచ్చే హోదా) ఉంటుందా, ఊడుతుందా? మారియట్, స్టార్‌వుడ్ కలిసినప్పుడు నేను రెండింట్లోనూ మెంబర్‌ని. అది దగ్గర నుంచి చూశాను కాబట్టి చెప్తున్నా.

అప్పట్లో నేను న్యూజెర్సీలో ఉంటూ ఒహాయోలో క్లయింట్ దగ్గర పనిచేసేవాణ్ణి. సోమవారం ఫ్లైట్ ఎక్కితే గురువారం సాయంత్రం ఇంటికి. వారానికి మూడు రాత్రులు హోటల్లో. స్టార్‌వుడ్ ప్రోగ్రామ్‌లో (ఎస్‌పీజీ అనేవాళ్లం) ప్లాటినం (గోల్డ్ కన్నా పై మెట్టు) రావాలంటే ఏడాదిలో 50 రాత్రులైనా ఉండాలి, లేదా 25 స్టేలైనా ఉండాలి. ఒకే హోటల్లో వరసగా మూడు రాత్రులుంటే అది ఒక్క స్టేనే. మరి రోజూ హోటల్ మారితే? మూడు స్టేలు! పక్కపక్కనే రెండు స్టార్‌వుడ్ హోటళ్లు ఉండేవి. సోమవారం ఒకదాంట్లో, మంగళవారం రెండోదాంట్లో, బుధవారం మళ్లీ మొదటిదాంట్లో. చలికాలంలో పొద్దున్నే మంచులో సూట్‌కేస్ లాక్కుంటూ రోడ్డు దాటుతుంటే రిసెప్షన్‌లో అమ్మాయి నవ్వేది. తొమ్మిది వారాల్లో 27 స్టేలు అయ్యాయి, ప్లాటినం వచ్చేసింది. మా ఆవిడకి ఈ సంగతి చెప్తే, "ఇంత తెలివి ఇంట్లో ఎప్పుడూ చూపించలేదే" అంది.

మారియట్ సుమారు 1300 కోట్ల డాలర్లకి స్టార్‌వుడ్‌ని కొనడం 2016 సెప్టెంబర్‌లో పూర్తయింది. అందరం టెన్షన్ పడ్డాం. ఆ రోజు ఏమీ జరగలేదు. ఒక ఎస్‌పీజీ పాయింటుకి మూడు మారియట్ పాయింట్లు అన్నారు. నా 40,000 కాస్తా 1,20,000 అయ్యాయి. 20,000 ఎస్‌పీజీ పాయింట్లు ఎయిర్‌లైన్‌కి మారిస్తే 25,000 మైళ్లు వచ్చేవి. తర్వాత 60,000 మారియట్ పాయింట్లు మారిస్తే అవే 25,000. లెక్క సరిపోయింది. కొన్న రోజున లెక్క ఎవరైనా సరిగ్గానే చూపిస్తారు, ఎందుకంటే అందరూ చూస్తుంటారు. కోత పెట్టేది మాత్రం ఏడాదో రెండేళ్లో అయ్యాక, ఎవరూ చూడనప్పుడు.

2018 ఆగస్టులో రెండు ప్రోగ్రామ్‌లూ ఒకటయ్యాయి (బాన్వాయ్ అన్న పేరు 2019లో వచ్చింది). అప్పుడు ఎస్‌పీజీ క్రెడిట్ కార్డు మీద ఖర్చుపెట్టే డాలర్‌కి రెండు కొత్త పాయింట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. అంతకుముందు వచ్చేది ఒక ఎస్‌పీజీ పాయింటు, అంటే మూడు కొత్త పాయింట్లు. మూడో వంతు పోయింది. స్టేల లెక్క కూడా తీసేశారు, ఇక రాత్రులే లెక్క. నా సూట్‌కేస్ విద్య ఆ రోజుతో సరి. 27 రాత్రులకి ఇప్పుడు వచ్చేది గోల్డే.

ఆ గోల్డ్ కూడా పాత గోల్డ్ కాదు. మీరు జాగ్రత్తగా చూడాల్సింది ఇక్కడే. పాత మారియట్ గోల్డ్‌కి 50 రాత్రులు కావాలి, బ్రేక్‌ఫాస్ట్, లాంజ్ ఉండేవి. కొత్త గోల్డ్‌కి 25 రాత్రులు చాలు, బ్రేక్‌ఫాస్ట్ లేదు. కార్డు మీద అక్షరాలు అవే. మీ గోల్డ్ ఉంటుందా అంటే, పేరు ఉంటుంది. అందులో ఏముంటుందో, ఏ హోదాకి ఏమిస్తారో చెప్పే కొత్త పట్టిక చదివి చూసుకోండి.

అన్నీ నష్టాలే అనను. ఆ ఏడాది నాకు ఎస్‌పీజీలో 31 రాత్రులు, మారియట్‌లో 22 ఉన్నాయి. అకౌంట్లు కలిపేసరికి 53 అయ్యి ప్లాటినం నిలబడింది. ఆ డిసెంబర్‌లో హైదరాబాద్ వచ్చినప్పుడు అమ్మానాన్నల్ని మాదాపూర్ వెస్టిన్‌కి తీసుకెళ్లి, పాయింట్లతోనే రెండు గదులు, రెండు రాత్రులు తీసుకున్నా. బ్రేక్‌ఫాస్ట్ దగ్గర అమ్మ నా చెవిలో, "ఇడ్లీకి ఎంత వేస్తార్రా?" అంది. ఫ్రీ అంటే నమ్మలేదు.

ఇంకో ముచ్చట. కొత్త చార్ట్ (ఏ హోటల్‌కి ఎన్ని పాయింట్లో చెప్పే పట్టిక) వచ్చాక ఎంత ఖరీదైన హోటలైనా రాత్రికి 60,000 పాయింట్లే. 85,000 ధర ఉండే ఎనిమిదో కేటగిరీ 2019 మార్చిలో గానీ రాలేదు. ఆ సందులో నా ఫ్రెండ్ ఒకడు మాల్దీవ్స్ సెయింట్ రీజిస్‌కి వెళ్లొచ్చాడు. గది ఫ్రీయే గానీ అక్కడికి చేర్చే సీప్లేన్ టికెట్లకి మాత్రం జేబు ఖాళీ అయింది. 2022 మార్చిలో ఆ చార్ట్ కూడా తీసేశారు. ఇప్పుడు గది అద్దెతో పాటు పాయింట్ల ధరా కదులుతుంది. కాబట్టి భయపడి ఈ వారమే వాడేయక్కర్లేదు. ప్రోగ్రామ్‌లు కలిసే తేదీ, కొత్త చార్ట్ బయటకు రాగానే పాత ధర, కొత్త ధర పక్కపక్కన పెట్టి చూసి, మీరు వెళ్లే హోటల్ ఎక్కడ చవగ్గా ఉంటే అక్కడ బుక్ చేసేయండి. పదేళ్లు దాచుకోవద్దు.

కంపెనీ పేరు చూసి కూడా మోసపోకండి. 2022లో చాయిస్ అనే హోటల్ చెయిన్ కొన్నది అమెరికా ఖండాల్లోని రాడిసన్‌ని మాత్రమే. మన ఊళ్లలోని రాడిసన్‌లు వేరే కంపెనీ, వేరే ప్రోగ్రామ్.

ఇక మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా వచ్చే తలనొప్పి ఇంటిపేరు. వేరే చెయిన్‌లో (పేరెందుకులెండి) రెండు అకౌంట్లు కలపబోతే ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, రెండోదాంట్లో ఒక్క అక్షరంగా ఉంది. ఇద్దరూ ఒకరే అని వాళ్లని ఒప్పించడానికి మూడు వారాలు పట్టింది. కలిశాక చూస్తే ఆరు రాత్రులు మాయం. పాత బిల్లుల పీడీఎఫ్‌లు మెయిల్లో ఉండబట్టి తిరిగొచ్చాయి. మీరు ఈ రోజే రెండు అకౌంట్లలోనూ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు మార్పించుకోండి. పాయింట్లు, రాత్రులు, లైఫ్‌టైమ్ రాత్రులు (మొదట్నుంచీ ఉన్న మొత్తం) కనిపించే పేజీలు స్క్రీన్‌షాట్ తీసుకోండి. పాస్‌వర్డ్ కూడా మార్చండి. స్టార్‌వుడ్ రిజర్వేషన్ల డేటాబేస్‌లోకి 2014లోనే ఎవరో దూరారని 2018 నవంబర్‌లో గానీ బయటపడలేదు. పాస్‌పోర్ట్ నంబర్లు కూడా పోయాయి అందులో.

మీది ఏ చెయిన్, ఎన్ని పాయింట్లో రాయండి, లెక్క వేసి చెప్తా.