‘పాపం’ అనిపించే పుస్తకాలు, ‘ఆడుకుందాం రా’ అనిపించే పుస్తకాలు
(పిల్లల పుస్తకాలపై పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ప్ర: మా పాపకి అయిదేళ్లు. తన క్లాసులో ఒక బాబు చెవికి మెషిన్ పెట్టుకుని వస్తాడు. దయగా ఉండాలని చెప్పే బొమ్మల పుస్తకాలు మూడు కొని చదివించాం. ఇప్పుడు ఆ బాబు కనిపిస్తే చాలు "పాపం" అంటోంది, ఆటకి మాత్రం పిలవదు. పుస్తకాల ఎంపికలో తప్పు చేశామా?
– ఒక తల్లి, ఖమ్మం

జ: చేసే ఉంటారు. ఇలాంటి కథల్లో చాలావాటిది ఒకటే అచ్చు. వేరుగా ఉన్న పిల్లవాణ్ణి అందరూ ఏడిపిస్తారు, ఒక మంచి పిల్ల వచ్చి చెయ్యి పట్టుకుంటుంది, అందరూ చప్పట్లు కొడతారు. వినే పిల్ల తనని ఆ మంచి పిల్లలోనే చూసుకుంటుంది. ఇక ఆ పిల్లవాడు ఉన్నది ఆమె మంచితనం బయటపడటానికే. ‘పాపం’ పుట్టేది అక్కడే.

ఈసారి షాపులో మాటలు చదవకుండా బొమ్మలు మాత్రం తిప్పేయండి. ఆ పిల్లవాడు ఎన్ని పేజీల్లో ఏదో ఒక పని చేస్తున్నాడో లెక్కపెట్టండి. గోడెక్కడం, జామకాయ కొట్టేయడం, అలిగి మూల కూచోవడం, ఏదైనా సరే. ఏడవడం, పక్కనుంచి చూడటం, థాంక్స్ చెప్పడం లెక్కలోకి రావు. అతను కనిపించే పేజీల్లో సగం కూడా తేలకపోతే ఆ పుస్తకం అక్కడే పెట్టేయండి. తర్వాత చివరి రెండు పేజీలు చూడండి. ఆఖర్న అతనికి నయమైపోయినా, అతను ఊరిని ఆపద నుంచి కాపాడాకే అందరూ కలుపుకున్నా వద్దు. ఏదో గొప్ప పని చేస్తేనే స్నేహం అంటే, ఏ గొప్పా లేని మామూలు పిల్లవాడి సంగతేమిటి?

చిత్రకారుడు చూసి గీశాడో, ఊహించి గీశాడో కూడా తెలిసిపోతుంది. చిన్నపిల్లలు ఎక్కువగా వాడే చెవి మెషిన్ చెవి వెనక ఒదిగే చిన్న ముక్క. దాన్నుంచి సన్నటి గొట్టం, చెవి లోపల అచ్చు తీసి చేసిన మోల్డ్ ఉంటాయి. తెలియనివాళ్లు హెడ్‌ఫోన్ గీస్తారు, లేదంటే ఈ పేజీలో కుడి చెవికి, ఆ పేజీలో ఎడమ చెవికి పెడతారు. చక్రాల కుర్చీ అయితే పెద్ద చక్రం పక్కన చేత్తో తిప్పుకునే రింగు కోసం చూడండి. చేతులతో తోసుకోగల పిల్లవాడైతే అతని చెయ్యి ఆ రింగు మీద ఉండాలి. ప్రతి బొమ్మలోనూ ఎవరో ఒకరు వెనకనుంచి నెడుతూనే ఉంటే, కింద మాటలు ఎంత బాగా రాసినా పిల్లలు నమ్మేది బొమ్మనే.

మీ పాప ఆటకి పిలవకపోవడానికి ఎలా పిలవాలో తెలియకపోవడం కూడా కారణం కావచ్చు. మెషిన్ మాటతోపాటు ఫ్యాను చప్పుడునీ, క్లాసు గోలనీ పెంచి వినిపిస్తుంది. వెనకనుంచి కేకేస్తే అందకపోవచ్చు, అరిస్తే మాట చెదిరిపోతుంది. ఎదురుగా వెళ్లి, మొహం కనపడేలా, మామూలు గొంతుతో పిలవమనండి.

ప్ర: రెండో తరగతికి చెబుతాను. 34 మంది పిల్లలు, పుస్తకం ఒక్కటే. కథ అయ్యాక "ఇందులో నీతి ఏమిటి?" అంటే "అందరితో స్నేహంగా ఉండాలి" అని ముక్తకంఠంతో చెబుతారు. పది నిమిషాలకి వెక్కిరింపులు మళ్లీ మొదలు.
– ఉపాధ్యాయుడు, పార్వతీపురం

జ: నీతి అడగడం మానేయండి మాస్టారూ. ఆ ప్రశ్నకి పుస్తకం తెరవకుండానే జవాబు చెప్పొచ్చని పిల్లలకి తెలుసు.

పిల్లల్ని 17 మంది చొప్పున రెండు జట్లు చేయండి. ఒక జట్టు బొమ్మలు వేసుకుంటూ ఉంటే రెండోదాన్ని మీ ముందు అర్ధచంద్రంలో నేలమీద కూర్చోబెట్టండి. పుస్తకం వాళ్ల కళ్ల ఎత్తులో పట్టుకుని ప్రతి పేజీనీ ఎడమనుంచి కుడికి మెల్లగా తిప్పి చూపాలి. అందుకని కథ మీకు ముందే నోటికి వచ్చి ఉండాలి.

మొదటిరోజు ఎక్కడా ఆగొద్దు. రెండోరోజు వెక్కిరించే బొమ్మ దగ్గర ఆగి, పేజీ తిప్పకముందే "ఇక్కడ ఎవరెవరు చూస్తూ నిలబడ్డారు?" అని అడగండి. క్లాసులో వెక్కిరించేది ఇద్దరో ముగ్గురో. చూస్తూ ఊరుకునేవాళ్లే మిగతా అందరూ. బొమ్మలో వెనక నిలబడ్డ ఆ పిల్లల్లో వాళ్లకి వాళ్లు కనిపిస్తారు. మూడోరోజు, బొమ్మలో అలా నిలబడ్డవాళ్లలో ఒకరిని ఎంచుకుని ఆ పిల్ల ఏం చేసి ఉండొచ్చో చేసి చూపించమనండి. మాటలు వద్దు. పక్కకి జరిగి చోటివ్వడం, బంతి అటు విసరడం లాంటివి చాలు.

మొదట్లో నవ్వుతారు, కసరొద్దు. కసిరితే మీ ముందు నవ్వరు, బయటికెళ్లి నవ్వుతారు. "ఏం చూసి నవ్వొచ్చింది?" అని మామూలుగా అడిగి తర్వాతి పేజీకి వెళ్లండి. ఇంకో జాగ్రత్త. కథలోని పిల్లవాడిలాంటి పిల్లవాడు మీ క్లాసులో ఉంటే, చదివేటప్పుడు అతనివైపు చూడకండి. మీ చూపు ఎటు వెళ్తే 34 తలలూ అటే తిరుగుతాయి.

ప్ర: మా బాబు మనుషుల బొమ్మలన్నిటికీ ‘స్కిన్ కలర్’ పెన్సిలే వేస్తాడు. తనది చామనఛాయ.
– ఒక తండ్రి, ఒంగోలు

జ: ఆ పెన్సిల్‌ని ‘లేత నారింజ’ అనడం మొదలుపెట్టండి, సగం పని అయిపోతుంది. పోస్టర్ రంగులతో ఇంట్లో అందరి ఒంటిరంగులూ కలిపించండి: పసుపు ఎక్కువ, ఎరుపు అందులో సగం, నీలం పుల్ల మొనతో. నీలం కాస్త ఎక్కువైతే బురద పచ్చ అవుతుంది. రంగు తేలాలంటే తెలుపు కలపాలి.

ప్ర: డాలస్‌లో ఉంటాం. ఇలాంటి పుస్తకాలు తెలుగులో దొరికే దారి చెప్పండి.

జ: ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. చదవడం సులువునుబట్టి స్థాయిలు ఉంటాయి; తెలుగు విని అర్థం చేసుకునే పిల్లలకి ఒకటో స్థాయి చాలు. చాలావాటిని ప్రింట్ తీసుకోవచ్చు. చివర రచయిత, చిత్రకారుల పేర్లున్న పేజీ మాత్రం తీసేయకండి, వాళ్ల షరతు అది. అచ్చు పుస్తకాలే కావాలంటే చెన్నైలోని తూలిక ప్రచురణ సంస్థ వాళ్లవి తెలుగు–ఇంగ్లిష్ రెండూ ఒకే పేజీలో ఉన్నవి దొరుకుతాయి. హైదరాబాద్‌లో ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వాళ్ల జాబితా కూడా చూడండి. అనువాదాల్లో భాష కొన్నిచోట్ల పుస్తకాల భాషలా బిగుసుకుని ఉంటుంది. చదివేటప్పుడు మీ ఇంటి మాటలోకి మార్చేయండి.

నిలువు పేజీల పుస్తకమైతే ‘బుక్‌లెట్’ సెట్టింగులో రెండువైపులా ప్రింట్ తీయండి. పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడాలి. 16 పేజీలకి నాలుగు ఎ4 కాగితాలు. తక్కువైతే ఖాళీ పేజీలు చివర్లో కలపండి, మధ్యలో వస్తే బొమ్మల జతలు తప్పుతాయి. కాగితాలు కలిపి మడిచి, మడతమీద మూడు రంధ్రాలు పొడవండి: మధ్యలో ఒకటి, పైనుంచీ కిందనుంచీ మూడేసి సెంటీమీటర్లకి ఒక్కోటి. దారం 55 సెంటీమీటర్లు తీసుకోండి. మధ్య రంధ్రంలో లోపలినుంచి బయటికి, పై రంధ్రంలోంచి లోపలికి, లోపలే కిందిదాకా వచ్చి బయటికి, మళ్లీ మధ్యలోంచి లోపలికి. రెండు కొసలూ ఆ పొడుగు కుట్టుకి చెరోవైపు ఉండేలా చూసి ముడెయ్యండి. ఒకేవైపు ఉంటే ముడి జారి, నాలుగు చదువులకే పేజీలు వదులవుతాయి.