పెంకా, పలకా, టైలా? కుటీరమా, కుటుంబమా?

సందేహం: ఫ్రాన్సులోని అల్జాస్ ప్రాంతంలో జిలార్దోనీ సోదరులు నెలకొల్పిన పెంకుల కార్ఖానా చరిత్రను, దానితోపాటు ఆ కాలపు మరికొన్ని కుటుంబాల పెంకుల, మట్టిసామగ్రి కార్ఖానాల చరిత్రను ఇంగ్లీషు నుంచి తెలుగు చేస్తున్నాను. 'కుటుంబం నడిపిన కార్ఖానా' అనే అర్థంలో 'కుటీర పరిశ్రమ' అని రాయవచ్చునా? 'టైల్' అన్న మాట వచ్చిన ప్రతిచోటా 'పెంకు' అని రాస్తే మిత్రులొకరు తప్పుపట్టారు. పోనీ అంతటా 'టైలు' అనే ఉంచితే సరిపోతుందా?

సమాధానం: మొదటి ప్రశ్నకు 'కూడదు' అన్నదే సమాధానం. కుటీరమంటే చిన్న ఇల్లు, పాక. కుటీర పరిశ్రమ అంటే ఇంటిపట్టున, ఇంటివారి చేతులతో, కొద్దిపాటి పెట్టుబడితో సాగే పని. ఈ మాట పని జరిగే చోటును, పని పరిమాణాన్ని చెబుతుందే గాని యాజమాన్యం ఎవరిదో చెప్పదు. జోసెఫ్ జిలార్దోనీ, జేవియర్ జిలార్దోనీ అన్నదమ్ములు అల్ట్‌కిర్ష్ పట్టణంలో 1835లో ప్రారంభించిన కార్ఖానా మరలతో పెంకులను అచ్చొత్తి దూరప్రాంతాలకు పంపిన పరిశ్రమ. దానిని కుటీర పరిశ్రమ అంటే, చదువరి మనసులో పెరట్లో సారె తిప్పుకొనే కుమ్మరి ఇల్లు మెదులుతుంది, చరిత్ర తలకిందులవుతుంది. 'కుటుంబ యాజమాన్యంలోని కార్ఖానా' అనండి, లేదా ఇంకా తేలికగా 'తరతరాలుగా ఒకే కుటుంబం చేతిలో ఉన్న కార్ఖానా' అనండి. తెలుగులో ఇలాంటి భావాన్ని ఒక్క సమాసంలో బిగించవలసిన అవసరం లేదు, వాక్యంగా విప్పి చెబితే నష్టమేమీ లేదు.

రెండవ ప్రశ్న కొంత లోతైనది. చిక్కు తెలుగులో లేదు, ఫ్రెంచిలోనూ లేదు, మీరు నడుమ పెట్టుకున్న ఇంగ్లీషులో ఉంది. ఇంటి కప్పు మీద పరిచేదానికి ఫ్రెంచివారు 'త్విల్' అంటారు. నేల మీద, గోడ మీద అతికించేదానికి 'కారో' అంటారు. మొదటిది లాటిన్ 'తెగుల' నుంచి వచ్చింది, 'కప్పు' అనే అర్థమిచ్చే క్రియ దానికి మూలం. రెండవది చతురస్రాన్ని తెలిపే లాటిన్ మాట నుంచి పుట్టింది. అంటే ఒకటి చేసే పనిని బట్టి, మరొకటి ఆకారాన్ని బట్టి ఏర్పడ్డ పేర్లు. ఇంగ్లీషు 'టైల్' కూడా ఆ 'తెగుల' నుంచే వచ్చినా, కాలక్రమంలో నేలకూ గోడకూ పాకి అన్నిటికీ ఒకే మాటగా స్థిరపడింది. మన భాష ఈ విషయంలో ఫ్రెంచి పక్షాన ఉంది. కప్పు మీది దానికి మనకు 'పెంకు' అన్న పాత మాట ఉంది, నేలకూ గోడకూ వేసే దానికి 'పలక' అనీ, నేటి వాడుకలో 'టైలు' అనీ రెండు మాటలున్నాయి. పారిస్ భూగర్భ రైలు స్టేషన్ల గోడలకు కనిపించే, అంచులు వాలుగా చెక్కినట్టుండే తెల్లని మెరుపు పలకలను 'తెల్ల పెంకులు' అని రాస్తే తెలుగు చదువరికి అవి ఊరి ఇంటి కప్పు నుంచి దిగివచ్చినట్టు తోస్తుంది. మీ మిత్రుల అభ్యంతరం అందుకే సమంజసమైనది. అలాగని అంతటా 'టైలు' అనే రాస్తే, అల్ట్‌కిర్ష్ సోదరులు ఇంటి కప్పు కోసం చేసిన ఆవిష్కరణ స్నానాలగది గోడకు సంబంధించినదిగా అర్థమవుతుంది. కాబట్టి మీ మూలంలో 'టైల్' కనబడిన ప్రతిచోటా అది కప్పుదా, నేలదా, గోడదా అని చూసి రాయక తప్పదు.

'పెంకు' మంచి మాట. కుండ పెంకు, గుడ్డు పెంకు అన్నప్పుడు అది గట్టిగా, పలుచగా, వంపుతో ఉండే పైపొరను సూచిస్తుంది. ఇంటి కప్పు మీది పెంకుకూ ఈ లక్షణాలన్నీ ఉన్నాయి. దానికి 'ఇల్లు' చేరినప్పుడు నడుమ టుగాగమం వచ్చి 'పెంకుటిల్లు' అయింది. ఇటీవల కొందరు రాస్తున్న 'పెంకు ఇల్లు', 'పెంకుల గృహం' నాకు రుచించవు. ఇంత చక్కని మాట నోటిలో ఉండగా దానిని విడగొట్టుకోవలసిన పని లేదు.

జిలార్దోనీ సోదరుల ఆవిష్కరణ ఏమిటో తెలిస్తే దానికి తెలుగు పేరు పెట్టడం సులువవుతుంది. అంతకు ముందు ఫ్రాన్సులో వాడిన చదును పెంకులను ఒకదానిమీద ఒకటి చాలామేరకు ఎక్కించి పరిచేవారు. చదరపు మీటరు కప్పుకు అరవైకి పైగా పెంకులు పట్టేవి, ఆ బరువును మోయడానికి దిట్టమైన దూలాలు, వాసాలు కావలసివచ్చేవి. 1841లో ఈ సోదరులు హక్కుపత్రం (పేటెంట్) పొందిన పెంకుకు అంచుల్లో గాడులు, గట్లు ఉంటాయి. ఒకదాని గట్టు పక్కదాని గాడిలో ఇమిడిపోతుంది కనుక ఎక్కువ మేర ఎక్కించవలసిన పని లేదు. చదరపు మీటరుకు సుమారు 15 పెంకులు చాలు, వాన నీరు కిందికి దిగదు, కప్పు బరువూ తగ్గుతుంది. ఫ్రెంచివారు దీనిని 'ఇమిడే పెంకు' అనీ, మరతో అచ్చొత్తేది కాబట్టి 'యాంత్రిక పెంకు' అనీ పిలిచారు. మొదటిదానికి 'గాడి పెంకు' అన్నది నా సూచన. రెండవదానికి 'యాంత్రిక' అన్న సంస్కృత పదం అక్కరలేదు. మరనేత, మరబియ్యం అన్న జాడలోనే 'మర పెంకు' అంటే సరిపోతుంది.

ఈ జాతి పెంకు మనకు కొత్తది కాదు. అల్ట్‌కిర్ష్‌కు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరం ఉంది. ఆ నగరం పేరు గల క్రైస్తవ మతప్రచార సంస్థ బాసెల్ మిషన్ 1865లో మంగుళూరులో పెంకుల కార్ఖానా పెట్టింది. అక్కడి గాడి పెంకులే 'మంగుళూరు పెంకులు'గా దక్షిణ భారతమంతటా పరచుకున్నాయి. కోస్తా జిల్లాల్లో వాటినే 'బెంగుళూరు పెంకులు' అనడమూ కద్దు. మీ అనువాదంలో మొదటిసారి 'గాడి పెంకు' అన్నచోట 'మనం మంగుళూరు పెంకు అనే జాతిది' అని ఒక్క వాక్యం చేరిస్తే, చదువరికి బొమ్మ అక్కరలేకుండానే రూపం కళ్లకు కడుతుంది. కానీ ఫ్రెంచి పెంకునే 'మంగుళూరు పెంకు' అని మాత్రం అనువదించకండి. 1841లో అల్జాస్‌లో మంగుళూరు పేరు వినిపించడం కాలవిరుద్ధమవుతుంది.

ఊరి పేర్లు, కట్టడాల పేర్లు అర్థవంతమైనవైనా అనువదించకూడదు. పారిస్‌లోని 'త్విలెరీ' ఉద్యానం పేరుకు 'పెంకుల బట్టీలు' అని అర్థం. 1564లో ఫ్రాన్సు రాజమాత కాథరిన్ దె మెడిచీ అక్కడ కట్టించడం మొదలుపెట్టిన రాజప్రాసాదానికి ముందు ఆ నేలలో పెంకులు కాల్చేవారు. ప్రాసాదం 1871లో అగ్నికి ఆహుతైంది, పేరు మాత్రం మిగిలింది. పెంకుల చరిత్ర రాసేవారికి ఇంతకన్న మంచి ఆధారం దొరకదు, అర్థాన్ని వాక్యంలో చెప్పి పేరును పేరుగానే ఉంచండి.

మట్టిసామగ్రి సంగతి క్లుప్తంగా చెబుతాను. వృత్తిని చెప్పేటప్పుడు 'కుమ్మరం', వస్తువులను చెప్పేటప్పుడు 'మట్టిపాత్రలు' అనండి. 'ఫయాంస్' అన్న చోట 'పింగాణీ' అనకండి. అది ఇటలీలోని ఫాయెంజా పట్టణం పేరు మీదుగా ఫ్రెంచిలో స్థిరపడిన మాట, తగరం కలిసిన తెల్లని మెరుపుపూత గల మట్టిపాత్ర. పింగాణీ వేరు మట్టితో, మరింత వేడిలో కాల్చేది. 'ఫయాంస్' అనే ఉంచి ఒకసారి వివరిస్తే మేలు. ఇదే అల్ట్‌కిర్ష్‌లో 1823లో పుట్టిన ఇంజనీరు ఎమీల్ ముల్లేర్ 1854లో పారిస్ పక్కన ఇవ్రీలో పెట్టిన కార్ఖానా పెంకులతో ఆగక కట్టడాల అలంకరణకు కావలసిన రంగుల మట్టిసామగ్రినీ తయారుచేసింది. పారిస్ దగ్గరి న్వాజియెల్‌లో మెనియే కుటుంబం చాకొలెట్ మిల్లు ముఖభాగంలో అది నేటికీ కనిపిస్తుంది. అలాంటి వాటికి 'కుండలు' అన్న మాట చాలదు కనుక 'కట్టడపు మట్టిసామగ్రి' అని రాయవచ్చు.

మీరు అడగకపోయినా, ఈ చరిత్రల్లో తప్పక ఎదురయ్యే చిక్కు ఇంకొకటుంది. కార్ఖానా పేరులో 'ఫ్రేర్' అని ఉంటే అన్నదమ్ములు, అందులో ఇబ్బంది లేదు. 'ఫిస్' అని ఉంటే మాత్రం జాగ్రత్తపడాలి. ఫ్రెంచిలో కుమారుడికీ కుమారులకూ ఆ మాట ఒకే రూపంలో ఉంటుంది. తెలుగు అలా ఊరుకోదు, ఏకవచనమో బహువచనమో తేల్చమంటుంది. ముల్లేర్ 1889లో మరణించాక కార్ఖానా బాధ్యత ఆయన కుమారుడు లూయీ చేతికి వచ్చింది, అక్కడ 'కుమారుడు' అని నిశ్చింతగా రాయవచ్చు. జిలార్దోనీల తరువాతి సంస్థ పేరులోనూ 'ఫిస్' ఉంది. అక్కడ ఎవరెవరు భాగస్వాములో చరిత్రలో చూసుకోకుండా 'కుమారులు' అని రాస్తే లేని కొడుకులను ఆ కుటుంబానికి అంటగట్టినవారవుతారు. తేలని పక్షంలో పేరును ఫ్రెంచి రూపంలోనే ఉంచడం మేలు. 'వావిళ్ళ రామస్వామిశాస్త్రులు అండ్ సన్స్' అన్న పేరును మనం ఏనాడూ తెనిగించలేదు, సంస్థ పెట్టుకున్న పేరు సంస్థదేనని వదిలేశాం.