ఏ కత్తి పట్టాలి?

ప్రశ్న: మా అమ్మాయికి 12 ఏళ్లు. ఫెన్సింగ్ నేర్చుకుంటానంటే శిక్షణకు తీసుకెళ్లాను. అక్కడ ఫాయిల్, ఎపీ, సేబర్ అని మూడు రకాల కత్తులు చూపించి ఏదో ఒకటి ఎంచుకోమన్నారు. నాకు మూడూ ఒకేలా కనిపించాయి. అక్కడి క్రీడాకారులేమో తమ కత్తిదే అసలైన ఆటంటూ ఒకరినొకరు ఆటపట్టించుకుంటున్నారు. అసలు తేడా ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ ఆటపట్టింపులు నా శిష్యుల మధ్య కూడా రోజూ సాగేవే. ఎపీ ఆడేవాళ్లు ఫాయిల్‌ను ‘తగిలాక పంచాయితీ పెట్టే ఆట’ అంటారు. ఫాయిల్ వాళ్లు ఎపీని ‘నిలబడి నిద్రపోయే ఆట’ అంటారు. ఆ ఇద్దరూ ఒక్కటై సేబర్‌ను ‘ఇద్దరూ ఒకేసారి గెలిచామని అరిచే ఆట’ అంటారు. ఈ మూడు మాటలూ నాకు ఇష్టమే, ఎందుకంటే ఒక్కొక్క దానిలో ఆ ఆట నియమం దాగి ఉంది.

ముందు పంచాయితీ సంగతి. ఫాయిల్ బరువు 500 గ్రాములకు మించకూడదు, మొనతో మాత్రమే పొడవాలి, అదీ మొండెం మీదే. చేతికో కాలికో తగిలితే, తాకిడిని గుర్తించే విద్యుత్ యంత్రంలో తెల్లదీపం వెలిగి ఆట ఆగుతుంది గానీ పాయింటు రాదు. ఇద్దరి మొనలూ మొండేనికే తగిలి రెండు రంగు దీపాలూ వెలిగినప్పుడు, ముందుగా చెయ్యి చాచి దాడికి దిగినవారెవరు, దాన్ని కత్తితో అడ్డుకొని తిరుగుదాడి చేసినవారెవరు అని రిఫరీ విచారించి ఒక్కరికే పాయింటు ఇస్తారు. దీనినే రైట్ ఆఫ్ వే అంటారు. కొత్తవారికి ఇది వింతగా తోస్తుంది కానీ ఇందులో ఎంతో వివేకముంది: పదునైన మొన గుండె మీదికి వస్తున్నప్పుడు బతకాలనుకునేవారు ముందు దాన్ని పక్కకు తోస్తారే తప్ప, ఎదురు పొడిచి ఇద్దరూ కూలిపోవాలని చూడరు. ఆ ఆత్మరక్షణ బుద్ధినే ఫాయిల్ నియమంగా మార్చింది.

ఎపీ ద్వంద్వయుద్ధాల కత్తి. బరువు 770 గ్రాముల దాకా ఉండవచ్చు. ఇక్కడ తల నుంచి కాలి బూటు వరకు ఎక్కడ పొడిచినా చెల్లుతుంది. ఎవరు ముందు తాకితే వారికే పాయింటు. సెకనులో దాదాపు 25వ వంతు వ్యవధిలో ఇద్దరూ తాకితే ఇద్దరికీ చెరొకటి వస్తుంది. ఆ లెక్క కంటికి అందదు కనుకనే విద్యుత్ యంత్రం ఒలింపిక్స్‌లో మొదట ఎపీకి, 1936లో, వచ్చింది. ఫాయిల్‌కు 1956లో గానీ రాలేదు. ఎపీలో తొందరపడి చెయ్యి చాపితే మీ మణికట్టే అవతలివారికి అన్నిటికంటే దగ్గరి లక్ష్యమవుతుంది. అందుకే వారు ఎదురుచూస్తారు. చూసేవారికి నిద్రలా కనిపించే ఆ నిశ్చలత్వంలో ఇద్దరూ అంగుళాలు కొలుస్తూ, ఎదుటివారి ఊపిరి లయ తప్పే క్షణం కోసం కాచుకొని ఉంటారు. ఫెన్సింగ్‌లో ఇంతకంటే ఉత్కంఠ కలిగించే దృశ్యం లేదని నా అభిప్రాయం.

సేబర్ ఆశ్వికదళం వాడిన కత్తి నుంచి వచ్చింది కాబట్టి పొడవడంతోపాటు అంచుతో నరకవచ్చు. నడుముకు పైన తల, మణికట్టు దాకా చేతులతో సహా లక్ష్యమే. రిఫరీ ఆజ్ఞ ఇవ్వగానే ఇద్దరూ దూకుతారు, చాలాసార్లు రెండు దీపాలూ వెలుగుతాయి, ఇక్కడా రైట్ ఆఫ్ వేనే తీర్పు చెబుతుంది, అందుకే ఆ అరుపులు. 15 పాయింట్ల పోటీలో మిగతా రెండింటికీ 3 నిమిషాలకొకసారి విరామం ఇస్తే, సేబర్‌లో ఒకరు 8 పాయింట్లకు చేరగానే ఇస్తారు. దాని వేగం ఎంతో ఇది చూస్తే తెలుస్తుంది.

అమ్మాయికి కత్తి ఎంచేటప్పుడు ఆమె ఎలా గెలవాలనుకుంటుందో కాక, ఎలాంటి ఓటమికి ఎక్కువ బాధపడుతుందో గమనించండి. తాను ముందే తాకినా రిఫరీ కాదన్నారని రాత్రంతా కుమిలిపోయే పిల్లకు ఎపీ హాయిగా ఉంటుంది. ఎందుకు తప్పయిందో వాదించి తెలుసుకోవడమే ఇష్టమైతే ఫాయిల్ నేర్పండి. కుదురుగా నిలబడలేని పిల్లకైతే సేబర్. ఒక్కొక్కటీ కొన్ని వారాలు ఆడి చూశాకే సొంత కత్తి కొనండి. ఒలింపిక్స్‌లో మహిళలకు ఫాయిల్ 1924లోనే ఉన్నా, ఎపీ 1996లో, సేబర్ 2004లో మాత్రమే వచ్చాయి. ఎన్నో తరాల అమ్మాయిలకు దక్కని ఈ ఎంపికను మీ అమ్మాయి తనంతట తానే చేసుకోనివ్వండి.

ప్రశ్న: మూడింటిలో ఎక్కువ నొప్పి కలిగించేది ఏది?
– మరొక పాఠకుడు

జవాబు: ముసుగు, మందపాటి జాకెట్టు, లోపలి రక్షణ కవచం సరిగ్గా ధరిస్తే ఏదీ భయపెట్టేది కాదు. ఎపీ కాస్త బిరుసు కాబట్టి దాని పోటు కమిలిన మచ్చను మిగుల్చుతుంది. సేబర్ దెబ్బ చురుక్కుమని వెంటనే తగ్గిపోతుంది. ఫాయిల్ బాగా వంగుతుంది, అందుకే మూడింటిలోనూ మెత్తనిది. ఏ కత్తి పట్టినా, ముసుగు లేని వ్యక్తి వైపు మొన చూపడాన్ని నా శిక్షణలో ఒక్కసారి కూడా సహించను.