బోర్డర్ కోలీ కోసం చీటీ పాడొద్దు మాస్టారూ

ప్రశ్న: మాది శ్రీకాకుళం. నేను జెడ్పీ హైస్కూల్లో టీచర్ని, మా ఆవిడ ఒక షాపులో అకౌంట్లు చూస్తుంది. ఇద్దరిదీ కలిపి చేతికి 74,000 వస్తుంది. ఇంటి లోన్ 22,000, పిల్లల ఫీజులూ వ్యానూ 9,000, ఇంటి ఖర్చు 19,000, పెట్రోలూ ఫోన్లూ 6,000, అమ్మ మందులు 3,000, చీటీ 10,000. అది 2 లక్షల చీటీ, 20 నెలలు, ఇంకా 8 వాయిదాలున్నాయి, ఇంతవరకూ పాడలేదు. బ్యాంకులో 1,10,000 ఉంది. పాపకి 12 ఏళ్ళు, బాబుకి 8. వీడియోలు చూసి బాబు బోర్డర్ కోలీ జాతి కుక్క కావాలని పట్టుబట్టాడు. విశాఖలో ఒకాయన 45,000 చెప్తున్నాడు. చీటీ పాడి కొనమంటారా, క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ పెట్టమంటారా?

జవాబు: మాస్టారూ, రెండూ వద్దు. కుక్కను వద్దనడం లేదు, చీటీ అయ్యేదాకా, అంటే ఎనిమిది నెలలు ఆగమంటున్నాను.

మీరు 45,000 గురించే అడిగారు గానీ అసలు లెక్క దాని తర్వాత మొదలవుతుంది. ఈ జాతి కుక్క పెద్దదైతే 15 నుంచి 20 కిలోలుంటుంది, రోజూ చాలా పరుగు కావాలి కాబట్టి తిండి కూడా గట్టిగానే తింటుంది. నెలకు తిండికి 3,500, పిడుదుల మందూ నులిపురుగుల మందూ 600, టీకాలూ డాక్టరూ సగటున 700, బొమ్మలూ బెల్టులూ షాంపూలూ 400, ఏదైనా జబ్బు చేస్తే అని పక్కన పెట్టాల్సింది 1,500. ఇది నా అంచనా, మీ ఊళ్ళో ధరలు అడిగి సరిచేసుకోండి. మొత్తం 6,700. ఏడాదికి 80,400. ఈ కుక్కలు మామూలుగా 12 నుంచి 15 ఏళ్ళు బతుకుతాయి, 13 ఏళ్ళనుకున్నా ఇవాళ్టి ధరల్లోనే పది లక్షలు దాటుతుంది. మీ ఖర్చులన్నీ కూడితే 69,000, చేతిలో మిగిలేది 5,000. అంటే కుక్కను ఊరికే ఇచ్చినా ఇప్పుడు సాకలేరు.

కార్డు మీద ఏడాదికి పెడితే వడ్డీతో కలిపి నెలకు 4,000 పైనే కట్టాలి, తిండికి వెయ్యి కూడా మిగలదు. ఒక్క నెల బిల్లు పూర్తిగా కట్టలేకపోతే కార్డు వడ్డీ ఏడాదికి 36 నుంచి 42 శాతం దాకా పోతుంది. ఇక చీటీ ఇప్పుడు పాడితే పాటలో కొంత పోగొట్టుకుంటారు, మిగతా 8 వాయిదాలు ఎలాగూ కట్టాలి, నెల ఖర్చు ఒక్క రూపాయి తగ్గదు.

అదే ఆగారనుకోండి. నెలకు మిగులుతున్న ఆ 5,000ను వేరే ఆర్డీలో వేయండి, 8 నెలలకు 40,000. చీటీ చివర్లో కమిషన్ పోను 1,90,000 దాకా వస్తుంది. బ్యాంకులో ఉన్నదాంతో కలిపితే 3,40,000. కుక్కకు 45,000, మొదటి ఏడాది గేటుకు జాలీ, పడుకోవడానికి బోను, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, ఇలాంటివాటికి ఇంకో 18,000 తీసేసినా 2,77,000 మిగులుతుంది. అప్పటికి మీ నెల ఖర్చు కుక్కతో సహా 65,700, కాబట్టి నాలుగు నెలల అత్యవసర నిధి చేతిలో ఉన్నట్టే, దాన్ని మాత్రం కదపొద్దు. చీటీ 10,000 ఆగిపోతుంది కాబట్టి కుక్క ఖర్చు పోను నెలకు 8,300 మిగులుతుంది. అందులో 6,000 పాప ఇంటర్ చదువు పేరు మీద వేయండి, మూడు నాలుగేళ్ళలో ఆ ఖర్చు మీద పడుతుంది.

డబ్బు లెక్క ఇంతే. నాకు ఎక్కువ టెన్షన్ పెడుతున్నది టైము లెక్క.

బోర్డర్ కోలీ ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో గొర్రెలు కాయడానికి తయారైన జాతి. 1893లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే మగకుక్కను ఈ జాతికి మూలపురుషుడిగా చెప్తారు. రోజంతా కొండలెక్కి దిగుతూ, కాపరి వేసే ఈలను బట్టి మందను తిప్పడం దాని పని. మన ఇంట్లో ఆ పని లేదు గానీ దాని ఒంట్లోంచి ఆ కోరిక పోదు కదా. పని దొరక్కపోతే తనే వెతుక్కుంటుంది. వీధిలో స్కూటర్ వస్తోందంటే తల దించి, భుజాలు వంచి, ముందుకాలు ఒకటి గాల్లో ఆపి, రెప్ప వేయకుండా చూస్తూ పొంచి ఉంటుంది, బండి దగ్గరికి రాగానే చక్రం వెంట పరుగు. పిల్లలు పరిగెడితే చుట్టూ తిరిగి ఒకచోటికి తోలుతుంది, మాట వినకపోతే మడమ దగ్గర పళ్ళు ఆనిస్తుంది. అది కోపం కాదు, మందను తోలే పద్ధతి. కానీ పక్కింటి పిల్లకి ఆ పన్ను గీసుకుంటే మీరే ఆసుపత్రికి తీసుకెళ్ళి రేబిస్ టీకాలు వేయించాలి. ఎదురింటివాళ్ళ కోళ్ళను తరిమి చంపితే డబ్బు కట్టాలి, మాట కూడా పడాలి. మన వీధుల్లో ఆవులు, మేకలు, కోళ్ళు, ఆటోలు ఎన్నో మీకు నేను చెప్పక్కర్లేదు.

అందుకని రోజుకు కనీసం రెండు గంటలు ఒక మనిషి దీనికి కావాలి, పొద్దున ఒక గంట పైన, సాయంత్రం ఒక గంట పైన. వేసవిలో పొద్దున్న ఆరు లోపే తిప్పి తెచ్చేయాలి. మన తీరంలో ఉక్కపోత మీకు తెలిసిందే, దీనికి రెండు పొరల బొచ్చు. వేడని ఆ బొచ్చు గొరిగించకండి, ఎండ నుంచి కాపాడేదీ అదే, రోజూ దువ్వితే చాలు. రోడ్డు మీద మీ అరచేతి వెనక భాగం ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాన్ని ఆ రోడ్డు మీద నడిపించొద్దు. సాయంత్రమైనా అంతే.

ఎవరు తిప్పుతారో ఇప్పుడే కాగితం మీద పేరు రాయండి. బాబు పేరు రాయకండి, ఎనిమిదేళ్ళ పిల్లాడు దాన్ని పట్టి ఆపలేడు. పగలంతా ఇంట్లో ఉండేది అమ్మగారు ఒక్కరే అనుకుంటాను. కాళ్ళ సందుల్లోంచి దూసుకుపోయే కుక్కపిల్ల వల్ల ఆవిడ జారిపడి తుంటి విరిగితే, కుక్క మీద ఏళ్ళ తరబడి పెట్టే ఖర్చు ఒక్క నెలలో ఆసుపత్రికి పోతుంది. ముందు ఆవిడను అడగండి. ఆవిడ ఇష్టం లేకుండా తేవద్దు. ఈ ఎనిమిది నెలలూ మీరు గానీ మేడం గారు గానీ రోజూ పొద్దున్నే అయిదింటికి లేచి నాగావళి వైపు గంట నడిచి చూడండి, వానలో కూడా. రెండు నెలలకే ఆగిపోయారంటే జవాబు దొరికినట్టే.

నడకొక్కటే సరిపోదు, బుర్రకు కూడా పని ఉండాలి. అమెరికాలో చేజర్ అనే బోర్డర్ కోలీకి జాన్ పిల్లీ అనే రిటైర్డ్ ప్రొఫెసర్ 1,022 బొమ్మల పేర్లు నేర్పారు, రోజుకు నాలుగైదు గంటలు కూర్చుని. మీకు అంత అక్కర్లేదు. బాబు, పాప రోజూ అరగంట బొమ్మలు దాచి వెతికిస్తే, కూర్చో, ఆగు, రా అన్నవి నేర్పిస్తే చాలా నెమ్మదిస్తుంది. ఇక్కడ బాబు పేరు ధైర్యంగా రాయొచ్చు.

కొనేటప్పుడు చూడాల్సింది. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, పెంచి అమ్మేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ అయి ఉండాలి. ఆ కాగితం చూపించమనండి. తల్లిని చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. తల్లిదండ్రులకు తుంటి ఎక్స్‌రే, కళ్ళ పరీక్ష చేయించారేమో అడగండి. "రేర్ కలర్" అని బూడిద మచ్చల మెర్ల్ పిల్లకు ఎక్కువ చెప్తే అసలు తీసుకోకండి. రెండు మెర్ల్ కుక్కలను కలిపితే పుట్టేవాటిలో కొన్ని చెవిటివో గుడ్డివో అవుతాయి. నన్నడిగితే మీ ఇంటికి కుక్కపిల్ల కన్నా రెండు మూడేళ్ళ కుక్క నయం. అపార్ట్‌మెంట్లో సాకలేక ఎవరికైనా ఇచ్చేద్దామనుకునేవాళ్ళు విశాఖలో దొరుకుతారు, డబ్బు తక్కువ, దాని బుద్ధి ఏమిటో ముందే కనిపిస్తుంది. నాలుగుసార్లు వెళ్ళి, అమ్మగారిని, పిల్లలను తీసుకెళ్ళి, ఒక సాయంత్రం తిప్పి చూసి తెచ్చుకోండి.

మందుల విషయంలో ఒకటి గట్టిగా చెప్తాను. కోలీ జాతుల్లో కొన్నిటికి ఐవర్‌మెక్టిన్ పడదు, మోతాదు ఎక్కువైతే ప్రాణం మీదికి వస్తుంది. చవకని పిడుదులకు ఆ ఇంజెక్షన్ వేయించేముందు ఇది కోలీ అని డాక్టరుకు చెప్పండి. పిడుదుల జ్వరం మన వైపు మామూలే. తిండి మానేసి, చిగుళ్ళు పాలిపోయి, ఒళ్ళు కాలుతుంటే రేపు చూద్దామనుకోకుండా రక్తపరీక్ష చేయించాలి. పెద్ద కేసైతే విజయనగరం జిల్లా గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది. పక్కన పెట్టమన్న 1,500 ఇలాంటి రోజు కోసమే. ఇన్సూరెన్స్ కంపెనీలు పెంపుడు కుక్కలకు పాలసీలు ఇస్తున్నాయి గానీ ముందే ఉన్న జబ్బులు, టీకాలు మామూలుగా అందులో రావు, ఎవరినైనా కరిస్తే అయ్యే ఖర్చు కవరవుతుందో లేదో చదివి తీసుకోండి. మిగిలిన పులుసన్నం పెట్టి తిండి ఖర్చు తగ్గిద్దామని మాత్రం చూడకండి, ఉల్లిపాయ కుక్కలకు విషం.

బాబుకి "చూద్దాంలే" అని చెప్పకండి. ఆర్డీ పుస్తకం వాడి చేతికివ్వండి, వాయిదా కట్టిన ప్రతి నెలా వాడే క్యాలెండర్లో టిక్కు పెట్టుకుంటాడు. చీటీ డబ్బు చేతికొచ్చాక, అప్పటికీ పొద్దున్నే లేస్తున్నారంటే, ఇంటికి తెచ్చుకోండి.